గొంతులో పిట్ట

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇన్‌స్పెక్షన్ల మీద ఉంది, ఇంటర్వ్యూల మీద ఉంది, ఇంగ్లీషు ప్రిపొజిషన్ల మీద మరీ ఉంది. నన్ను వణికించినవన్నీ పట్టపగలు, నలుగురి మధ్యన, చాలాసార్లు చేతిలో రిజిస్టరు పట్టుకుని వచ్చినవే. చీకట్లో వచ్చేవాటికి నా దాకా రావలసిన అవసరం పడలేదు.

అందుకే ఈ అనుభవాన్ని ఏ అరలో సర్దాలో తెలియక ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. ఇది పొద్దున పదకొండు గంటలకు జరిగింది. ముప్పై ఎనిమిది మంది పిల్లల ముందు జరిగింది. ముప్పై ఎనిమిదా, ముప్పై తొమ్మిదా అన్నదే అసలు గొడవ.

డెబ్బై ఆరులో నేను వరంగల్‌లో బీఎడ్ చదువుతున్నాను. మా నాయిన కాజీపేట లోకోషెడ్డులో ఖలాసీ. మా ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. భయపడే మనిషిని కూడా మొదట నేనే. మిగతావాళ్ళంతా ఇంజన్ల పక్కన బతికినవాళ్ళు, దేనికీ ఉలిక్కిపడరు.

నా భయం కాళ్ళలో ఉండదు, చేతుల్లో ఉండదు, తిన్నగా గొంతులో ఉంటుంది. ఇంట్లో, హాస్టల్లో, బస్సులో నా నోటికి అడ్డం ఉండేది కాదు. తరగతి ముందు నిలబడితే మాత్రం గొంతు మూసుకుపోయేది. దవాఖానలో టార్చి వేసి చూసి, గొంతు శుభ్రంగా ఉంది పొమ్మన్నారు. నిజమే, మాటన్నది కూడా మిగలనంత శుభ్రంగా ఉండేది.

బీఎడ్ చివర్లో ఫైనల్ లెసన్ అని ఒకటి ఉంటుంది. ఏదో ఒక బడికి వెళ్ళి మనం పాఠం చెప్పాలి. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ వెనక బెంచీలో కూర్చుని చూస్తాడు. అందులో తప్పితే మిగతా పేపర్లలో ఎన్ని మార్కులు వచ్చినా టీచరు కాలేం.

నేను మొదటిసారి ఏం చేశానంటే, బోర్డు మీద తేదీ రాశాను. పిల్లల వైపు తిరిగాను. మాట రాలేదు. తేదీ చెరిపేసి, మళ్ళీ రాశాను. అట్లా మూడుసార్లు రాశాను. ఆ రోజు తేదీ ఎంతో ఆ తరగతిలో ఎవరూ జన్మలో మరిచిపోరు. నాలుగోసారి రాయడానికి డస్టరు అందుకోబోతుంటే ఎగ్జామినర్ లేచి, చాలమ్మా అన్నారు.

నన్ను ఆ గండం నుంచి తప్పించింది రజియా. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వచ్చే నా స్నేహితురాలు. లెక్చరర్ గారి దగ్గరకు వెళ్ళి, నాకు టాన్సిల్స్ వాచాయనీ, మూడు రోజులుగా గంజి మీదే ఉన్నాననీ కళ్ళనీళ్ళతో చెప్పింది. అప్పుడు నా నోట్లో ఆమె పెట్టిన బఠాణీలు ఉన్నాయి. వారం తర్వాత ఇంకో తేదీ ఇచ్చారు. ఇదే ఆఖరిదని కూడా చెప్పారు.

ఆదివారం ఇంటికి వెళ్తే, నాయిన నా మొహం చూసి ఏమీ అడగలేదు. బండెక్కించడానికి స్టేషన్‌కు వచ్చినప్పుడు మాత్రం, రాకుంటె రాకపాయె, ఇంటికి రా బిడ్డా అన్నాడు. తిట్టినా బాగుండేది. షెడ్డులో అందరికీ మా బిడ్డ టీచరమ్మ అని అప్పటికే చెప్పుకున్న మనిషి ఆయన.

రెండోసారి పాఠానికి చీటీ తీయాలి. నేను తీసిన చీటీలో ఉన్నది ఇది: ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు, భయాన్నీ కంగారునూ శరీరంతో చెప్పే నుడికారాలు.

రజియా ఆ చీటీ చదివి చాలాసేపు నవ్వింది. నీకు పాఠం దొరకలేదే, పాఠానికే నువ్వు దొరికినవ్ అంది.

చార్టు తయారుచేయడానికి హాస్టల్లో ఇద్దరం కూర్చున్నాం. తెల్ల డ్రాయింగు కాగితం మీద నిలువెత్తు మనిషి బొమ్మ గీతలుగా వేశాం. ఇంగ్లీషువాళ్ళ భయం ఒంట్లో ఎక్కడెక్కడ కాపురం ఉంటుందో అక్కడక్కడ రాసుకుంటూ పోయాం. పాదాల దగ్గర కోల్డ్ ఫీట్. అంటే తీరా సమయానికి వెనకాడటం. కడుపు దగ్గర బటర్‌ఫ్లైస్ ఇన్ ద స్టమక్. మోకాళ్ళు జెల్లీ అవుతాయి. వెన్నులో చలి పాకుతుంది. చర్మం బాతు చర్మం అవుతుంది. వెంట్రుకలు లేచి నిలబడతాయి. భయం మరీ ఎక్కువైతే ఆ మనిషి తన తోలులోంచి తానే బయటికి దూకుతాడు.

మన భయాలు కూడా పక్కన పెట్టి చూసుకున్నాం. వాళ్ళకు కడుపులో సీతాకోకచిలుకలు ఎగిరే సమయానికి మనకు గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. రజియాకు ఇది మాత్రం నచ్చలేదు. ఇంగ్లీషోళ్ళ భయం ఎంత నాజూగ్గ ఉన్నదే, మన భయానికి టికెట్టు గూడ కొనాలె అంది. వాళ్ళ గుండె పైకెక్కి నోట్లోకి వస్తుంది, మన గుండె కిందికి జారుతుంది. ఒకే గుండె ఇద్దరి దగ్గరా ఎదురు దారులు పడుతుంది. వెంట్రుకల దగ్గర మాత్రం రెండు భాషలూ రాజీపడ్డాయి.

గొంతు దగ్గర నేను ఏమీ రాయలేదు. నాలుక ముడిపడటమని వాళ్ళకూ ఉంది, పిడచకట్టుకుపోవడమని మనకూ ఉంది. కానీ అవి నాలుకవి. నాది గొంతు. పైగా సొంత జబ్బును చార్టు మీదికి ఎక్కించడం ఎందుకనిపించింది. అక్కడ ఖాళీ వదిలేశాను. ఈ ఖాళీ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక దొంగతనం గురించి చెప్పాలి. అప్పట్లో బీఎడ్ వాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఒకటి ఉండేది. పాత బ్యాచి వాళ్ళు కొత్త బ్యాచికి చెప్పి పోయేవారు. ముందురోజే పిల్లల దగ్గరకు వెళ్ళి, రేపు ప్రశ్న అడిగితే అందరూ చెయ్యెత్తండి, జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి అని చెప్పిపెట్టాలి. వెనక కూర్చున్న ఎగ్జామినర్‌కు చేతుల అడవి కనిపిస్తుంది. మనం కుడిచేతుల్లోంచి ఒకరిని లేపుతాం. అంతా అద్భుతంగా ఉంటుంది.

నాకు సిగ్గుగానే ఉండింది. కానీ సిగ్గు బుగ్గల్లో ఉంటుంది, భయం గొంతులో ఉంటుంది, గొంతే గెలిచింది. ఆ సాయంత్రం రజియా నా వెంట బడికి వచ్చి, ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు కుడి ఎడమలు నేర్పింది.

మర్నాడు రెండో పీరియడ్. హాజరు నేనే తీసుకున్నాను. ముప్పై ఎనిమిది. ఆ అంకె బోర్డు పై మూల రాశాను, తేదీ కింద. తేదీ ఈసారి ఒక్కసారే రాశాను. ఎగ్జామినర్ వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన పక్కన, తోటి విద్యార్థినిగా పరిశీలన రాసుకోవడానికి రజియా. గుమ్మం ఒక్కటే, అది బోర్డుకు ఈ పక్కన, నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. పీరియడ్ మొదలయ్యాక అందులోంచి ఎవరూ రాలేదు. ఇది నేను ఎన్నిసార్లైనా చెప్పగలను.

గుడ్ మార్నింగ్ వరకూ బాగానే నడిచింది. చార్టు తగిలించాను. పాదాలు చెప్పాను, కడుపు చెప్పాను. సీతాకోకచిలుకలు అనగానే పిల్లలు నవ్వారు. ఆ నవ్వుకు నేను తలెత్తి చూశాను. చూడకుండా ఉండవలసింది. అన్ని కళ్ళు ఒక్కసారి కనిపించేసరికి గొంతు మూతపడింది.

అప్పటికే ఒక ప్రశ్న అడిగి ఉన్నాను గనక చేతులన్నీ లేచి ఉన్నాయి. పిల్లలు రజియా చెప్పినట్టే చేశారు. ఎడమచెయ్యి ఒక్కటే ఉంది. కిటికీ వైపు మూడో బెంచీ చివర. ఆ పిల్ల రెండు జడలకు రెండు రంగుల రిబ్బన్లు ఉన్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఆ బడిలో అందరూ తెల్ల రిబ్బన్లే కట్టుకునేవారు. ఎత్తిన చేతికి మోచేయి కింద మూడు పుట్టుమచ్చలు, చుక్కలు పెట్టినట్టు ఒకే వరసలో.

ఎడమచెయ్యి అంటే తెలియదని అర్థం. ఆ చేతిని పిలవకూడదు. కానీ నా చూపు వేరే ఎక్కడికీ కదలలేదు. నోరు లేదు గనక చేతిలోని కలం ఆ పిల్ల వైపు చూపించాను.

ఆ పిల్ల లేచి వచ్చింది. నా చేతిలోంచి కలం తీసుకుంది, ఎడమచేత్తోనే. చార్టు మీద గొంతు దగ్గర నేను వదిలిన ఖాళీలో చిన్న పిట్ట బొమ్మ వేసింది. దాని పక్కన పిట్ట అని తెలుగులో రాసింది. తర్వాత నా వైపు తిరిగి, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది.

"టీచర్, మీ గొంతుల పిట్ట కూసున్నది. జర ఊరుకుంటె అదే కూస్తది."

కలం నా చేతిలో పెట్టి వెళ్ళి కూర్చుంది.

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం తప్ప నాకు చేతనైంది కూడా ఏమీ లేదు. కానీ అప్పటిదాకా నేను ఊరుకోవడం వేరు, ఇది వేరు. అప్పటిదాకా తలుపు తోస్తూ ఊరుకునేదాన్ని. ఇప్పుడు తలుపు తోయడం మానేసి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. స్టేషన్ దిక్కు నుంచి ఇంజను కూత వినిపించింది. అది ఆగిపోయాక, నా గొంతు తనంతట తానే మొదలైంది.

మిగిలిన అరగంట నేను పాఠం చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను. గుండె నోట్లోకి రావడం గురించి చెప్పాను, మన గుండె కిందికి జారడం గురించి చెప్పాను, చివర్లో మీ భయం ఎక్కడుంటుందని అడిగితే పిల్లలు కుడిచేతులూ ఎడమచేతులూ మరిచిపోయి రెండేసి చేతులు ఎత్తారు.

గంట కొట్టాక మూడో బెంచీ దగ్గరకు వెళ్ళాను. కిటికీ వైపు చివర ఎవరూ లేరు. ఆ బెంచీలో ముగ్గురే కూర్చుంటారట, చివరి చోట మేకు పైకి లేచి ఉంటుంది గనక అక్కడ ఎవరూ కూర్చోరట. మేకు నేను చూశాను. ఇందాక చార్టు దగ్గరికి వచ్చిన అమ్మాయి ఏదని అడిగాను. ముందు బెంచీ పిల్ల చెప్పింది: "ఎవ్వలు రాలే టీచర్. ఆ పిట్టను మీరే ఏసిన్రు. ఏసి, గట్లనె నిలవడ్డరు."

నేను కుడిచేతివాటం మనిషిని. నేను కోడిని వేస్తే పిల్లలు కెటిల్ అంటారు. ఆ పిట్ట నేను వేసింది కాదు.

రజియాను అడిగాను. ఆమె కదా సాక్షి. ఆమె తలదించుకుని, నువ్వు చూపు నిలబెట్టినవ్ జూడు, అప్పటిసంది నేను కండ్లు మూస్కున్ననే, నీ కోసం దువా చేస్కుంట కూసున్న అంది. వెనక బెంచీలో కూర్చుని, పరిశీలన రాయవలసిన మనిషి, పరిశీలించవలసిన ఆ రెండు నిమిషాలూ కళ్ళు మూసుకుని ఉంది. ఆమె పరిశీలన పుస్తకంలో ఆ రోజు పేజీ మీద తేదీ తప్ప ఏమీ లేదు. తేదీల జబ్బు నా నుంచి అంటినట్టుంది.

ఎగ్జామినర్‌ను అడిగే ధైర్యం నాకు లేదు. కానీ ఆయన నా లెసన్ రికార్డులోనే అభిప్రాయం రాసి సంతకం పెట్టారు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. నాలుగు వాక్యాలు. మూడోది ఇది: చార్టు దగ్గరకు పిలిచిన విద్యార్థినికి తొందరపెట్టకుండా సమయం ఇచ్చారు. ఆ పైన, విద్యార్థుల సంఖ్య అన్న గడిలో ఆయన చేత్తో రాసిన అంకె ముప్పై తొమ్మిది.

తర్వాత నాలుగు రోజులు ప్రార్థన సమయానికి ఆ బడికి వెళ్ళి, వరసల వెంట నడిచి వెతికాను. వేరే సెక్షను పిల్ల దారి తప్పి వచ్చి ఉంటుందనుకున్నాను. రెండు రంగుల రిబ్బన్లు కనిపించలేదు. అడగగా అడగగా ఎడమచేత్తో రాసే పిల్ల ఒకతి దొరికింది, కానీ ఆమె నాకంటే పొడుగు.

పాసయ్యాను. మార్కులు గొప్పవి కావు, చెప్పుకోను. నాయిన షెడ్డులో పేడాలు పంచాడు. చార్టును చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. పెట్టబోయే ముందు ఒకటి గమనించాను. ఆ పిట్టకు ఒకటే కాలు ఉంది. కుంటి పిట్ట అనుకున్నాను. నా గొంతుకు తగినదే దొరికిందని నవ్వుకున్నాను కూడా.

ఆ తర్వాత పదమూడేళ్ళు ఏమీ జరగలేదు. రఘునాథపల్లిలో కొన్నేళ్ళు, ఇంకో రెండు ఊళ్ళలో కొన్నేళ్ళు చెప్పాను. ప్రతి తరగతిలోనూ మొదట గొంతు మూసుకునేది. నేను ఊరుకునేదాన్ని, అది తెరుచుకునేది. ఆ కాసేపు నేను అందరినీ పరికించి చూస్తున్నానని పిల్లలు అనుకునేవారు. కఠినమైన టీచరునని నాకు పేరు వచ్చింది. భయంతో నిలబడి భయపెట్టినదాన్ని నేనొక్కదాన్నేనేమో.

కుడిచేతులు ఎడమచేతుల కిటుకు మాత్రం ఇంకెప్పుడూ వాడలేదు.

ఎనభై తొమ్మిదిలో తొర్రూరుకు బదిలీ అయింది. ఏడో తరగతికి ఇంగ్లీషు. బడులు తెరిచిన రెండో వారం ఒక తల్లి బిడ్డను తీసుకుని వచ్చింది. పక్క ఊళ్ళో వేరే బడి మాన్పించి తెచ్చిందట. పిల్ల పేరు యాకలక్ష్మి. తల్లి నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"దీనికి మాట రాక గాదు టీచరమ్మా. ఇంట్ల నోరు మూతవడది. బడిల కూసుంటె రాయే ఇగ. ఆడి సారు ఎడమచెయ్యెత్తితె కొట్టిండు. దసర దాంక సూస్త. అప్పటికి గూడ గిట్లనె ఉంటె నా ఎంబడి పత్తి ఏరనీకె తీస్కపోత. ఏం జెయ్యమంటవ్."

ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మాట రాని చదువు దేనికని ఆమె అడగలేదు, నేనే విన్నాను.

యాకలక్ష్మి మూడో బెంచీలో కూర్చునేది. ఎడమచెయ్యి ఎప్పుడూ బల్ల కిందే ఉండేది. కుడిచేత్తో రాసే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. నేను ప్రశ్న అడిగితే ఆ పిల్ల మెడ దగ్గర నరం కదిలేది, పెదాలు కదిలేవి, అంతే. ఆ మెడ నాకు బాగా తెలుసు. రెండు నెలలు ఏమీ చేయలేకపోయాను. నాకు తెలిసిన మందు ఊరుకోవడం ఒక్కటే. దసరా మాత్రం ఊరుకోవడం లేదు, దగ్గరికి వస్తోంది.

రిబ్బన్లు రెండు రంగులవి. ఆ మాట ముందే చెప్పవలసింది. కానీ నాకు అప్పుడు ఏమీ తట్టలేదు. ఆ ఊళ్ళో చాలామంది పిల్లలు దొరికిన రిబ్బన్లే కట్టుకునేవారు.

దసరా సెలవులకు పది రోజులుందనగా పాత పాఠమే చెబుదామనిపించింది. కొత్త చార్టు కాగితం మీద మనిషి బొమ్మ గీసి తగిలించాను. పాత చార్టు హనుమకొండలో మా ఇంట్లో, ట్రంకుపెట్టెలో ఉంది. దాన్ని తొర్రూరులో ఎవరూ చూడలేదు. ఇంగ్లీషువాళ్ళ భయాలన్నీ చెప్పి, ఇక మీ భయం ఎక్కడుంటుందో మీరే వచ్చి రాయండి, ఏ చేత్తోనైనా రాయండి అన్నాను. చివరి మాట అన్నప్పుడు ఎవరి వైపూ చూడలేదు.

పిల్లలు ఎగబడ్డారు. ఒకతి మోకాళ్ళ దగ్గర సున్నా చుట్టింది. ఒకతి కడుపులో సీతాకోకచిలుకలు చాలవని తేలును వేసింది. ఇంకొకతి వీపు మీద రాసి, మా లెక్కల సారు అక్కడే కొడతడు టీచర్ అని కారణం కూడా చెప్పింది. అందరూ సర్దుకున్నాక, మూడో బెంచీలో ఎడమచెయ్యి లేచింది.

మోచేయి కింద మూడు పుట్టుమచ్చలు. ఒకే వరసలో.

ఆ పిల్ల నడిచి వచ్చి, నా చేతిలోంచి కలం తీసుకుని, బొమ్మలో గొంతు దగ్గర ఒంటికాలి పిట్టను వేసింది. పక్కన పిట్ట అని రాసింది.

ఆ క్షణం చార్టు మీద ఉన్నవన్నీ కింది నుంచి పై వరకూ వరసగా నాకు జరిగాయి. పాదాలు చల్లబడ్డాయి, మోకాళ్ళు కరిగాయి, వెన్నులో చలి పాకింది, వెంట్రుకలు రెండు భాషల్లోనూ లేచాయి. చెప్పిన పాఠానికి ఉదాహరణ నేనే అయి నిలబడ్డాను. గొంతు సంగతి సరేసరి.

నేను మాట్లాడకుండా చూస్తుంటే ఆ పిల్ల తప్పు చేశాననుకుంది. ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ చెయ్యి మళ్ళీ బల్ల కిందికి, ఆ తర్వాత పత్తి చేనులోకి పోతుంది. ఏదో ఒకటి అనాలి. నా దగ్గర ఒకే ఒక వాక్యం ఉంది. క్లాసులో నేనెప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడేదాన్ని. అది మాత్రం నాకు అందినట్టే బయటికి వచ్చింది.

"నీ గొంతుల పిట్ట కూసున్నది బిడ్డా. జర ఊరుకుంటె అదే కూస్తది."

ఇద్దరం ఊరుకున్నాం. క్లాసు కూడా ఊరుకుంది, పాపం, ఎందుకో తెలియకపోయినా. అప్పుడు ముందు బెంచీలోని పిల్ల ఒకతి చార్టు వైపు చూసి, గీ పిట్ట కుంటిది టీచర్, ఒక్కటే కాలున్నది అంది. అందరూ నవ్వారు.

యాకలక్ష్మి గిర్రున తిరిగింది.

"కుంటిది గాదే. ఇంకో కాలు ఎత్తుకున్నది. ఎగిరేటందుకు."

ఆ బడిలో ఆ పిల్ల మొదటి మాట అది. గట్టిగా, స్పష్టంగా, కాస్త కోపంగా కూడా వచ్చింది. పదమూడేళ్ళుగా నేను ఆ పిట్టను కుంటిదనే అనుకుంటున్నాను.

ఆ ఆదివారం హనుమకొండ వెళ్ళి పెట్టె తెరిచాను. రెండు చార్టులూ నేల మీద పక్కపక్కన పరిచాను. ఒకటి పసుపు పచ్చబడింది, ఒకటి తెల్లగా ఉంది. ముక్కు అదే వైపు, తోక అదే వంపు. పి మీద గుడి రెండింటిలోనూ ఎడమ నుంచి కాక కుడి నుంచి మొదలై, మధ్యలో తెగి, మళ్ళీ కలిసింది. పాత సిరా వెలిసిపోయింది గనక, పాతదే ముందు రాసిందని ఒట్టేసి చెప్పగలను.

బడి అడ్మిషన్ రిజిస్టరు చూశాను. యాకలక్ష్మి డెబ్బై ఏడులో పుట్టింది. నా ఫైనల్ లెసన్ నాటికి ఆ పిల్ల ఈ లోకంలో లేదు. పోయి లేకపోవడం కాదు, ఇంకా రాకపోవడం. వయసు తప్పు వేసి ఉంటారా అని తల్లిని అడిగాను. ఆమె నవ్వి, ఊళ్ళో వరద వచ్చి గోడలు పడ్డ మరుసటేడు పుట్టింది, మరిచిపోతనా అంది. అక్కలూ, మేనత్తలూ, అదే పోలికతో ఇంకెవరైనా వరంగల్‌లో చదివారా అని కూడా అడిగాను. ఆ ఇంట్లో బడి మెట్టు ఎక్కిన మొదటి పిల్ల యాకలక్ష్మేనట.

రజియా ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో టీచరు. రెండు చార్టులూ చుట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. ఈసారి కండ్లు తెరిచే చూస్తనని ముందే చెప్పి, చాలాసేపు చూసింది. చాయ్ చల్లారిపోయింది. చివరికి అంది: "పొయినోళ్ళే మల్ల వస్తరని ఫికర్ చేస్తం గదనే. రావలసినోళ్ళు గూడ ఒకపారి ముందుగాల వచ్చి, మనం సక్కగున్నమా లేదా అని చూసిపోతరేమో."

తర్వాత తన మాటకు తానే భయపడి, నెత్తి మీద కొంగు సవరించుకుంది. ఆమె చేతి మీద వెంట్రుకలు నిలబడి ఉండటం చూశాను.

ఆ వివరణ నాకు నచ్చింది. కానీ నమ్మానని చెప్పలేను. దయ్యాలనే నమ్మని మనిషిని, ఇంకా పుట్టనివాళ్ళను ఎట్లా నమ్మను. ఎగ్జామినర్ లెక్క తప్పి ఉండవచ్చు. పుట్టుమచ్చలు ఎవరికైనా మూడు ఉండవచ్చు. ఒకరి రాత ఇంకొకరి రాతలా ఉండవచ్చు. ఒక్కొక్కటిగా అన్నిటికీ జవాబు చెప్పుకోగలను. అన్నీ కలిపి అడిగితే మాత్రం నేను ఎడమచెయ్యే ఎత్తాలి.

నన్ను ఎక్కువగా తొలిచేది వేరే ఉంది. బొమ్మ ఆ పిల్లదే, అందులో సందేహం లేదు. కానీ ఆ వాక్యం ఎవరిది? ఆమె చెబితే నాకు తెలిసింది, నేను చెబితే ఆమెకు తెలిసింది. మొదట ఎవరి నోట పుట్టిందో ఎంత ఆలోచించినా మొదలు దొరకదు. యాకలక్ష్మిని అడిగాను కూడా. మీరే చెప్పిన్రు గద టీచర్ అంది, మతి ఉందా అన్నట్టు చూసి.

దసరా తర్వాత ఆ పిల్ల బడికి వచ్చింది. ఎడమచేత్తో రాస్తుంది, ఎడమచెయ్యే ఎత్తుతుంది, పాఠం పైకి చదవమంటే కాసేపు ఊరుకుని తర్వాత మొదలుపెడుతుంది. పత్తి ఏరే రోజుల్లో తల్లి ఒకసారి బడి కిటికీ దగ్గర నిలబడి వినిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. చేతిలో పని ఉందని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

పక్షులు నిద్రపోవడానికి కూడా ఒంటికాలి మీద నిలబడతాయని మా సైన్సు సారు ఈమధ్య చెప్పారు. చెప్పకుండా ఉండవలసింది. అయినా ఈ విషయంలో నేను యాకలక్ష్మి మాటే వింటాను.

ఇప్పటికీ కొత్త తరగతిలోకి అడుగుపెడితే నా గొంతు మూతపడుతుంది. తేదీ రాస్తాను, ఒక్కసారే. హాజరు లెక్క వేసి మూల రాస్తాను. ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి, ముందుగా బెంచీల చివర్లు చూస్తాను, లెక్కకు ఒకరు ఎక్కువ ఉన్నారేమోనని. లేకపోయినా ఫికరు లేదు. చాకుపీసు పట్టుకుని, లోపలి పిట్ట రెండో కాలు ఎత్తే దాకా అట్లాగే నిలబడతాను.